ఎర్ర అంకె రోజు రేటు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు పోస్టుమన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ దుబాసి. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడమే పని కాబట్టి, ఆవిడ మేనమామ ఎక్కడో మూలపడి ఉన్న ఆ పాత మాటను దుమ్ము దులిపి తెచ్చి మేనకోడలికి తగిలించాడు. ఆయన సరదాకి అన్నాడు. మాట మాత్రం జిగురు రాసినట్టు అతుక్కుపోయింది. ఆవిడ మొగుణ్ణి కూడా ఇప్పుడు దుబాసి గారి ఆయన అనే అంటారు. స్కూలు బస్సు నడిపే ఆ మహానుభావుడు అందుకు ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

ఆ రెండో భాష ఆవిడ బడిలో నేర్చుకున్నది కాదు. పుట్టింటి పక్కవాటాలో పరదేశం నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళ పిల్లలతో ఆడుకుంటూ, అంతకంటే ఎక్కువగా పోట్లాడుకుంటూ నేర్చేసుకుంది. ఏ భాషలోనైనా తడుముకోకుండా పోట్లాడగలిగితే ఆ భాష వచ్చినట్టే అని ఇప్పటికీ అంటుంది. నిజమే మరి, తిట్టేటప్పుడు ఎవరు నిఘంటువు తిరగేస్తారు?

ఆవిడ ఏ ఆఫీసులోనూ జీతానికి లేదు. పిలిచిన చోటికి వెళుతుంది. ఆస్పత్రి పిలిస్తే డాక్టరుకీ రోగికీ మధ్య కూర్చుంటుంది, కోర్టు పిలిస్తే వకీలు పక్కన నిలబడుతుంది, కంపెనీ పిలిస్తే యంత్రం పక్కన చెవులు రిక్కించుకుని ఉంటుంది. డాక్టరు కసిరితే కసురు, రోగి ఏడిస్తే ఏడుపు, ఏదీ మిగుల్చుకోకుండా అటుది ఇటు, ఇటుది అటు దాటించేస్తుంది. అందులో ఆవిడకు సాటి వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆవిడ నోటి మీదుగా ఎన్ని బేరాలు కుదిరాయో లెక్కలేదు.

ఇంతమంది బేరాలు కుదిర్చిన నోరు సొంత బేరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడనే నిలువునా ముంచేసేది. అదెలాగో చెప్పాలంటే ముందు ఎర్ర అంకెల సంగతి చెప్పాలి.

క్యాలెండర్లో ఎర్ర అంకె కనిపిస్తే లోకమంతా దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటుంది. దుబాసికి మాత్రం ఫోను మోగుతుంది. కంపెనీల్లో యంత్రాలు పనిరోజుల్లో ఆగవు. వాటిని అమ్మిన దేశం నుంచి ఫిట్టరు వచ్చి విప్పాలంటే యంత్రాల లైను మొత్తం ఆగాలి, లైను ఆగేది సెలవు రోజునే. ఆస్పత్రిలోనూ అదే కథ. భాష తెలిసిన ఉద్యోగులంతా సెలవులో ఉంటారు కాబట్టి, పరదేశపు గర్భిణికి నొప్పులు వస్తే దుబాసికే కబురు. ఇన్నేళ్ళలో ఆవిడ ఇంట్లో గడిపిన ఎర్ర అంకెలను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పోనీ అందుకు ఎక్కువిచ్చారా అంటే అదీ లేదు. మామూలు రోజుకి ఎంతో ఆ రోజుకీ అంతే.

"నాకు సెలవంటే నాన్న, అమ్మంటే బడి ఉన్న రోజు," అంది కూతురు ఒకసారి, నిష్ఠూరంగా కాదు, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు. సైకిలు నేర్చుకుంటోంది ఆ పిల్ల. వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పని ఎప్పుడూ తండ్రిదే. ఆ మాట దుబాసికి ముల్లులా గుచ్చుకుంది. ఇక మీదట సెలవు రోజుకి రెట్టింపు అడగాలని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఇస్తే కష్టానికి తగ్గ ఫలితం, ఇవ్వకపోతే ఇంట్లో సైకిలు. ఎటు చూసినా లాభమే అనుకుని తెగ సంబరపడింది.

మొదటి అవకాశం ఆ నెలలోనే వచ్చింది. అట్టపెట్టెల కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. దుబాసి గుండె చిక్కబట్టుకుంది.

"సెలవు రోజు కదండీ, రెట్టింపు అవుతుంది," అంది.

అటునుంచి చప్పుడు లేదు. ఒక్క గుక్క ఊపిరి తీసుకునేంత సేపు, అంతే. ఆ పాటి ఖాళీని ఆవిడ భరించలేకపోయింది.

"ఎక్కువే అనిపిస్తుంది లెండి. మీ ఖర్చులు మీకుంటాయి. పోనీ మామూలు రేటే ఇవ్వండి," అని తనే అనేసింది.

ముందు గదిలో కుట్టుమిషన్ టక్కున ఆగింది. మిషన్ ముందున్నది అత్తగారు. ఆ ఇంటికి మొదటినుంచీ తిండి పెట్టింది ఆవిడ కత్తెరే.

"రేటు తగ్గించమని ఆయన అడిగాడా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. ఆయనేమీ మాట్లాడలేదు."

"మరి ఆ అడిగిందెవరు?"

దుబాసి ఆలోచించి, "నేనే," అంది.

"నీ తరఫునా, ఆయన తరఫునా?"

"ఆయన తరఫునే," అని ఒప్పుకుని, ముఖం కొంగులో దాచుకుని నవ్వేసింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత ఊరికే పుట్టలేదంది.

రోగం ఏమిటో అప్పటికి గాని దొరకలేదు. ఏళ్ళ తరబడి ఆవిడ ఇద్దరి మధ్య కూర్చుంది. ఒకరు మాట ఆపి ఊపిరి పీల్చుకున్నారంటే ఇక అది తన వంతే. ఎక్కడ నిశ్శబ్దం కనిపించినా ఆ నోరు దానంతటదే తెరుచుకుంటుంది, పైగా అవతలి మనిషి మాటతో తెరుచుకుంటుంది. అవతలివాడు అనబోయేదాన్ని వాడికంటే ముందు, వాడికంటే మర్యాదగా, తన మీదే ప్రయోగించుకుంటుంది. ఇలాంటి తప్పు వకీలు చెయ్యడు, కూరగాయల బండివాడు చెయ్యడు, ఒక్క దుబాసే చెయ్యగలదు.

అత్తగారు వైద్యానికి దిగింది. మనవరాల్ని మేనేజరుగా కూర్చోబెట్టి చెక్క స్కేలును ఫోనుగా ఇచ్చింది. దుబాసి రేటు చెప్పేది, పిల్ల మూతి బిగించుకుని ఊరుకునేది, దుబాసి వెంటనే తగ్గించేది. మళ్ళీ మొదలు. పిల్ల విరగబడి నవ్వేది.

"అమ్మా, నేనింకా నోరు కూడా తెరవలేదు. అప్పుడే సగానికి వచ్చేశావు," అనేది.

చివరికి అత్తగారు తన మిషన్ సొరుగు లాగి గుండుసూదుల డబ్బా తీసింది.

"అర్జెంటు కుట్టుకి నేను రెట్టింపు తీసుకునేదాన్ని, తెలుసా? మొదట్లో నాకూ నోరు ఆగేది కాదు. రేటు చెప్పెయ్యడం, వెంటనే నాలుగు సూదులు పెదాల మధ్య పెట్టుకుని గుడ్డ మీదకి వంగిపోవడం. మాట్లాడితే గుచ్చుకుంటాయి కదా, చచ్చినట్టు ఊరుకోవాలి. అవతలివాళ్ళే గుంజాటన పడి, ఆఖరికి సరే అనేవాళ్ళు. అడగందే అమ్మయినా పెట్టదమ్మాయ్. అడిగాక మాత్రం ఊరుకున్నంత ఉత్తమం లేదు."

"మా అమ్మ అలా ఎవరికీ లొంగలేదు," అన్నాడు మొగుడు, బస్సు తాళాలు మేకుకి తగిలిస్తూ. "ఊళ్ళో అర్జెంటు బట్టలన్నీ సెలవు రోజుల్లోనే వచ్చేవి. నాకు చిన్నప్పుడు అమ్మ మొహం ఒక పక్కే తెలుసు. మిషన్ వైపు తిరిగి ఉండేది కదా."

అందరూ నవ్వారు. అత్తగారు దారం ఎక్కిస్తూ కళ్ళు చికిలించింది, సూది బెజ్జం ఎందుకో ఆ పూట తొందరగా దొరకలేదు.

ఆ పై వారంలో, మధ్యలో ఒక రోజు వదిలి, రెండు ఎర్ర అంకెలు పడ్డాయి. పిల్ల ఆ రెండింటినీ చూసి ఇంట్లో గంతులు. మేనేజరు మళ్ళీ ఫోను చేశాడు. మొదటి ఎర్ర అంకె నాడు రావాలి, అట్ట కోసే కొత్త యంత్రం బిగించడానికి ఫిట్టరు వచ్చాడు, అతనికి మన భాష ముక్క రాదు.

"సెలవు రోజుకి నా రేటు రెట్టింపండీ," అంది దుబాసి. చెయ్యి చాపింది. అత్తగారు ఆపరేషన్ గదిలో నర్సులా సూదులు అందించింది. అవి పెదాల మధ్యకి వెళ్ళిపోయాయి.

నిశ్శబ్దం. గోడ గడియారం తప్ప ఇంట్లో ఏదీ కదల్లేదు. పిల్ల తన నోరు తనే రెండు చేతులతో మూసుకుంది. దుబాసి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతులో "పోనీ లెండి" అనే మాట కోడిపిల్లలా కొట్టుకుంటోంది.

"రెట్టింపా మేడమ్?" అన్నాడు మేనేజరు. కాసేపాగి, "వింటున్నారా?" అన్నాడు. ఇంకాసేపాగి, "అంటే, సెలవు రోజని నాకూ తెలుసనుకోండి. ఒకటిన్నర చేద్దామా?" అన్నాడు. సూదులు. "లైను తెగిందో ఏమో," అని గొణిగాడు. సూదులే. "సరే మేడమ్. రెట్టింపే. పొద్దున్నే వచ్చెయ్యండి."

"ఊఁ," అంది దుబాసి, ఆ సూదుల మధ్యనుంచి రాగలిగింది ఆ ఒక్క అక్షరమే.

ఫోను పెట్టేశాక ఆ ఇల్లు ఇల్లులా లేదు. దుబాసి సూదులు తీసి డబ్బాలో వేసి అత్తగారిని నడుం పట్టుకుని గిర్రున తిప్పేసింది. "వదులు వదులు, నడుం పట్టేస్తుంది," అంటూనే అత్తగారు ఇంకో చుట్టు తిరిగింది. మొగుడు అందరికీ టీ పెట్టాడు, ఆ సంబరంలో పంచదార వెయ్యడం మరిచిపోయాడు, ఆ సంగతి ఎవరూ గమనించనూ లేదు.

"మరి సైకిలో?" అంది పిల్ల.

"రెండో ఎర్ర అంకె ఉందిగా. ఆ రోజు వెనక సీటు పట్టుకునేది నేనే."

"ఎవరు పిలిచినా?"

"ఎవరు పిలిచినా."

అత్తగారు ఆ మాట విని ఏదో అనబోయి, మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఎర్ర అంకె నాడు అట్టపెట్టెల కంపెనీ గేటు దగ్గర కాపలావాడు తప్ప ఎవరూ లేరు. లోపల పొడుగాటి షెడ్డు, దాని నిండా అట్ట వాసన, జిగురు వాసన. పనిరోజుల్లో చెవులు గళ్ళు పడేంత మోత ఉండే చోట అడుగుల చప్పుడు కూడా వినిపిస్తోంది. మధ్యలో కొత్త యంత్రం, దాని పక్క పలకలు విప్పేసి ఉన్నాయి. ఒక పక్కన నెరిసిన గడ్డం ఫిట్టరు, ఇంకో పక్కన పానా చేతబట్టుకుని ఫోర్‌మన్. ఇద్దరూ అప్పటికే సైగలతో సగం పోట్లాడుకుని ఉన్నారు.

దుబాసి వాళ్ళ మధ్య నిలబడగానే పని ఊపందుకుంది. ఫిట్టరు రోలరు కింద తల పెట్టి చెప్పేది ఆవిడ బయటనుంచి అందుకునేది. ఫోర్‌మన్ "ఇలా బిగిస్తే బెల్టు తెగుతుంది, రాసిస్తా," అంటే అదే పంతంతో అటు చేరవేసేది. ఒకరి మాట తోక ఇంకొకరి మాట తలతో కలుపుతూ, చేతులు ఊపుతూ, గ్రీజు మరకలు తప్పించుకుంటూ యంత్రం చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇలాంటి పూటల్లో ఆవిడకు ఆకలి తెలియదు, కాళ్ళ నొప్పి తెలియదు. మధ్యాహ్నానికి యంత్రం మొదటి అట్టముక్కను కోసి బయటకు తోసింది. అంచు నున్నగా వచ్చింది. ఫోర్‌మన్ దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల మీదకు తీసుకున్నాడు. ఫిట్టరు అతని వీపు చరిచాడు. ఆ చరుపును అనువదించాల్సిన పని లేకపోయినా దుబాసి కూడా సంతోషంతో చప్పట్లు కొట్టేసింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. యంత్రం చూసి సంతోషించాడు గాని ఏదో ఒకటి గొణగకపోతే ఆయన మేనేజరెలా అవుతాడు?

"తొందరగా కానివ్వమని చెప్పండి. ఇవాళ దుబాసి గారి రేటు రెట్టింపు," అన్నాడు ఫిట్టరుకేసి చూస్తూ.

ఎవరు ఏమన్నా ఉన్నదున్నట్టు చెప్పాలి, తన గురించి అన్నా సరే. ఆ పనిలో అది మొదటి నియమం, ఆఖరి నియమం కూడా. చెప్పింది, మేనేజరు చిరాకుతో సహా.

ఫిట్టరు చేతులు తుడుచుకున్నాడు. "నాదీ రెట్టింపే. సెలవు రోజు కదా," అన్నాడు. "ఇంతకుముందు ఈవిడకి ఎంత ఇచ్చేవాళ్ళు?"

ఆవిడ అది ఇటు చెప్పింది.

"మామూలు రోజు రేటే," అన్నాడు మేనేజరు. ఆవిడ అది అటు చెప్పింది.

"ఎందుకని?"

ఇటు చెప్పింది. మేనేజరు మాట్లాడలేదు. దుబాసి నాలుక కొసన పది జవాబులు బారులు తీరాయి. వాళ్ళకు ఖర్చులుంటాయండీ. మొదట్లో ఎవరికైనా అంతేనండీ. ఆయన మంచివారండీ. ఒక్కటంటే ఒక్కటి కూడా మేనేజరు అన్నది కాదు. ఇక్కడ సూదులు లేవు, అందించడానికి అత్తగారూ లేదు. ఆవిడ పళ్ళు బిగించి రోలరు మీద ఉన్న బోల్టుల వైపు చూస్తూ కుక్కిన పేనులా ఉండిపోయింది.

ఆఖరికి మేనేజరు మెడ గోక్కున్నాడు. "ఏముంది, ఆవిడ అడగలేదు, నేనివ్వలేదు," అన్నాడు.

దుబాసి అది ఫిట్టరు భాషలో చెప్పింది. ఇన్నేళ్ళుగా తను చెప్పిన మాటలన్నింటిలో ఇంత చిన్న మాట, ఇంత బరువైన మాట ఇంకోటి లేదనిపించింది. కోపం వచ్చింది, ఆయన మీద కాదు. ఆ వెంటనే పట్టరాని హుషారు వచ్చింది. అడిగితే ఇచ్చేదేనన్నమాట.

సాయంత్రం అయ్యేసరికి ఒక గేరు పెట్టె మిగిలిపోయింది. దానికి ఇంకో పూట కావాలన్నాడు ఫిట్టరు. మేనేజరు క్షణం ఆలోచించలేదు.

"ఎల్లుండి కూడా సెలవే. ఎల్లుండి వచ్చెయ్యండి మేడమ్. రెట్టింపే ఇస్తాను, బేరం ఆడను."

బేరం ఆడనన్నాడు. తనంతట తనే అన్నాడు. దుబాసికి గాల్లో తేలినట్టయింది. సరే అనడానికి నోరు తెరిచింది కూడా. తెరిచాక, పెదాల మీద గుచ్చుకున్నట్టయి సూదులు గుర్తొచ్చాయి. సూదులతో పాటు, వాటిని ఒక జీవితకాలం పెదాల మధ్య పట్టుకున్న మనిషి గుర్తొచ్చింది. ఆవిడ రేటు తగ్గించలేదు, ఎవరికీ లొంగలేదు, ప్రతి సెలవునీ రెట్టింపుకి అమ్మింది. కొడుక్కి మాత్రం ఆవిడ మొహం ఒక పక్కే తెలుసు.

"ఎల్లుండికి రేటు లేదండీ," అంది.

"లేదంటే? మూడింతలా?"

"రేటే లేదండీ. ఆ రోజుని ఎవరికీ ఇవ్వను."

అని ఊరుకుంది. సర్దిచెప్పలేదు, కారణం చెప్పలేదు, ఆయన తరఫున బాధపడలేదు. నిశ్శబ్దం పెరుగుతుంటే పెరగనిచ్చింది. ఏమైందని ఫిట్టరు కళ్ళతో అడిగాడు. ఎల్లుండి రమ్మన్నారని, దుబాసి రానంటోందని చెప్పింది.

ఫిట్టరు పెద్దగా నవ్వాడు. "ఆవిడ లేకపోతే నేను ఎవరితో మాట్లాడను? యంత్రంతోనా? నాకూ సెలవే," అన్నాడు. ఆవిడ అది మేనేజరుకు చెప్పింది, నవ్వుతో సహా.

ఫోర్‌మన్ తల వంచుకుని పానాలు సర్దేస్తున్నాడు. "అయితే ఎల్లుండి నేనూ ఇంట్లోనే కదండీ," అన్నాడు మెల్లగా. ఎవరైనా కాదనేలోపే తార్పాలిన్ గుడ్డ తెచ్చి యంత్రం మీద కప్పేసి, నాలుగు మూలలా తాడు కట్టేశాడు.

మేనేజరు ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, ఆ మర్నాడు పనిరోజున ఒక పూట లైను ఆపుతాను లెండి. మామూలు రేటుకి వస్తారుగా?" అన్నాడు.

వస్తానంది. దారి పొడుగునా ఆవిడకు ఒకటే నవ్వు. లైను ఆగుతుందట. ఇన్నేళ్ళూ అది పనిరోజున ఆగనే ఆగదని అందరూ అన్నారు, తనూ అదే రెండు భాషల్లో చెప్పుకుంటూ వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల గుమ్మంలోనే ఎదురైంది. "ఎల్లుండి?" అంది.

"సైకిలే," అంది దుబాసి. పిల్ల వేసిన కేక విని పక్కింటివాళ్ళు తొంగి చూశారు. మొగుడు ఆ క్షణమే వెళ్ళి చక్రాల్లో గాలి చూడటం మొదలెట్టాడు.

అత్తగారు మిషన్ ముందే ఉంది, ఒడిలో ఎవరిదో అర్జెంటు జాకెట్టు, ఎల్లుండికి ఇవ్వాల్సింది.

"ఎంతన్నావు అమ్మాయ్?"

"రేటు లేదన్నానత్తయ్యా."

అత్తగారు ఏమీ అనలేదు. చాలాసేపు అనలేదు. దుబాసి కూడా ఆ నిశ్శబ్దంలోకి వెళ్ళలేదు. అది అత్తగారిది.

ఆవిడ సూది గుడ్డలో గుచ్చి, జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. మిషన్ మీద దుప్పటి కప్పింది. కప్పాక, తన కుర్చీని రెండు చేతులా పట్టుకుని, గుమ్మం బయట సైకిలు దగ్గరున్న కొడుకు వైపు తిప్పుకుని కూర్చుంది.